నల్లని నెత్తురు

పాత పెళ్ళి ఫొటోలు చూచినవారికి ఒక సంగతి అనుభవములోనిదే. పెళ్ళికూతురి నుదుట దిద్దిన కుంకుమబొట్టు ఆ ఫొటోలో ఎర్రగా ఉండదు. కాటుకచుక్క వలె నల్లగా ఉంటుంది. కాళ్ళ పారాణియు అంతే. కొన్నాళ్ళ తరువాత వచ్చిన ఫొటోలలో అదే కుంకుమ బూడిదరంగునకు దిగి, నుదుటి మీద నీడ పడినట్లు వెలవెలబోతుంది. కుంకుమ మారలేదు, దిద్దిన చేయి మారలేదు, మారినది ఫిల్ము. నలుపు తెలుపుల లోకములో ఎరుపు అనునది లేదు. దాని స్థానమున ఏ ఛాయ వచ్చి కూర్చుండవలెనో ఫిల్ము మీది రసాయనము నిర్ణయిస్తుంది. ఈ చిన్న సత్యమును చక్కగా ఎరిగి, దానితో దేశదేశముల ప్రేక్షకులను భయపెట్టిన దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్.

ఆయన 1899 ఆగస్టు 13వ తేదీన లండన్ తూర్పు శివారులోని లేటన్‌స్టోన్‌లో జన్మించినాడు. తండ్రి విలియం కూరగాయల వర్తకుడు. కథోలిక కుటుంబము, క్రమశిక్షణ గల ఇల్లు. పసితనమున జరిగినదని హిచ్‌కాక్ పెద్దయిన తరువాత పదే పదే చెప్పిన ఉదంతము ఒకటి ఉన్నది. ఏదో చిన్న తప్పు చేసినందుకు తండ్రి ఒక చీటీ వ్రాసి చేతికిచ్చి పోలీసు ఠాణాకు పంపినాడట. ఠాణా అధికారి చీటీ చదువుకొని పిల్లవానిని కొన్ని నిమిషములపాటు కొట్టులో పెట్టి తాళము వేసినాడట. ఈ కథలో ఎంత నిజమో, చెప్పగా చెప్పగా పెరిగినది ఎంతో ఎవరు తేల్చగలరు? కాని పోలీసులన్న భయము మాత్రము ఆయనను జీవితాంతము విడువలేదు. జెసూయిట్ మతగురువులు నడపిన సెయింట్ ఇగ్నేషియస్ పాఠశాలలో చదువుకొన్నప్పటి అనుభవము ఇంకొకటి. అక్కడ తప్పు చేసిన విద్యార్థి దెబ్బలు తినవలసిన వేళను తానే ఎన్నుకొనవచ్చును. పిల్లలు సహజముగా సాయంకాలమునకు వాయిదా వేసుకొనెడివారు. వేసుకొన్న పాపమునకు ఆనాడంతయు ఆ దెబ్బలనే తలచుకొనుచు గడపవలసి వచ్చెడిది. బెత్తము కంటె బెత్తమునకై ఎదురుచూచుట భయంకరమన్న పాఠము ఆ బాలునికి అక్కడ అబ్బినది. ఆ గురువులు బోధింపదలచిన పాఠము అది కాదనుట నిశ్చయము.

1914లో తండ్రి మరణించినాడు. బాలుడు తంతి తీగెలు తయారుచేయు హెన్లీ కంపెనీలో గుమాస్తాగా చేరినాడు. సాయంకాలములందు చిత్రలేఖనము నేర్చుకొని, అదే కంపెనీ ప్రకటనల శాఖకు మారినాడు. తరువాత ఒక అమెరికను చిత్రసంస్థ లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో స్టూడియో తెరచినదని విని, మూకీ చిత్రములకు కావలసిన శీర్షికల అట్టలు బొమ్మలతో సహా గీసి పట్టుకొనిపోయి ఉద్యోగము సంపాదించినాడు. అక్కడనే ఆల్మా రెవిల్ అను యువతి పరిచయమైనది. ఆమె ఆయనకంటె ఒక్కరోజు చిన్నది. కాని సినిమా రంగమున ఆయనకంటె ముందు అడుగుపెట్టినది. ఫిల్ము తునకలను కూర్చుటలో ఆరితేరినది. 1926 డిసెంబరు 2వ తేదీన వారికి వివాహమైనది. హిచ్‌కాక్ కథలో ఆల్మా పేరు చాలమంది మరచుదురు. ఆమె కన్ను లేకున్న ఆయన చిత్రములు మరొక విధముగా ఉండెడివి. ఆ మాటకు తార్కాణము ముందు రాబోవుచున్నది.

వివాహమునకు ముందు 1924లో ఆయన జర్మనీలోని ఊఫా స్టూడియోలో కొంతకాలము పనిచేసినాడు. పక్క సెట్టులో మూర్నౌ అను గొప్ప దర్శకుడు చిత్రము తీయుచుండగా చూచు భాగ్యము కలిగినది. దూరమున ఉండవలసిన వస్తువులను నిజముగా దూరమున పెట్టక, చిన్నవిగా చేసి దగ్గరలోనే నిలిపి దూరమును భ్రమింపజేయుట అక్కడ చూచినాడు. సెట్టులో నిలుచున్న మనిషికి అది బొమ్మరిల్లు వలె కనబడును. కెమెరా కంటికి అదే మహానగరము. వస్తువు ఎట్లున్నదన్నది ప్రశ్న కాదు. తెర మీద ఎట్లు కనబడునన్నదే ప్రశ్న. ఏబది ఏండ్ల పైబడిన ఆయన వృత్తిజీవితమంతయు ఈ సూత్రమునకు వ్యాఖ్యానమే.

ఆ రోజులలో సినిమాలకు ఎక్కువగా వాడిన ఫిల్ము నీలము, ఆకుపచ్చ కాంతులకు స్పందించునది, ఎరుపునకు గ్రుడ్డిది. ఎర్రని పెదవులు నల్లబడెడివి. ఎరుపెక్కిన ముఖము మచ్చలు పడినట్లు కనబడెడిది. అందుచేత నటీనటులు వింత వింత రంగులు పూసికొనవలసి వచ్చెడిది. అట్టి ఫిల్ము మీద నెత్తురు చూపుట సులభము; ఏ ఎర్రరంగైనను సిరా వలె నల్లగా పడును. 1920ల చివరకు అన్ని రంగులకు స్పందించు కొత్త ఫిల్ము వాడుకలోనికి వచ్చినది. ముఖములు సహజముగా కనబడినవి గాని నెత్తురునకు చిక్కు వచ్చినది. ఎరుపు కాంతిని ఆ ఫిల్ము గ్రహించును. కనుక ఎరుపు బూడిదరంగుగా మారును. చెట్టు ఆకు, ఎర్రని పువ్వు తెర మీద ఒకే ఛాయలో కలిసిపోవుట అప్పటి ఛాయాగ్రాహకులకు నిత్యము ఎదురైన తలనొప్పి. నాటకరంగపు దీపముల కొరకు తయారైన ఎర్రని కృత్రిమరక్తము ఈ ఫిల్ము మీద జీవము లేక తేలిపోయెడిది.

హిచ్‌కాక్ ఆ తొలినాళ్ళలో ఈ చిక్కులోనికే పోలేదు. రక్తమును చూపకుండ హత్యను చూపు మార్గము వెదకినాడు. 1927లో విడుదలైన 'ది లాడ్జర్' చిత్రములో అనుమానితుడు పైగదిలో అటునిటు నడచుచుండును. అది మూకీ; అడుగుల చప్పుడు వినిపించుటకు వీలు లేదు. దర్శకుడు దళసరి గాజుతో నేల చేయించి, క్రిందినుండి ఆ పాదములను చిత్రీకరించినాడు. 1929లో వచ్చిన 'బ్లాక్‌మెయిల్' చిత్రములో హత్య ఒక తెర చాటున జరుగును. చేయి ఒకటి వెలుపలికి వచ్చి, రొట్టెలు కోయు కత్తిని అందుకొని లోనికి పోవును, తెర కదలును, కాసేపటికి మరొక చేయి నిర్జీవముగా వెలుపలికి వ్రాలును. అంతే. ఆలంకారికులు అభిధకంటె వ్యంజనను పైమెట్టున నిలిపిన కారణము తెలిసినవారికి ఈ దృశ్యము కొత్తగా తోచదు.

1935లో 'ది థర్టీనైన్ స్టెప్స్', 1938లో 'ది లేడీ వానిషెస్' ఆయనకు ఖ్యాతి తెచ్చినవి. 1939లో సకుటుంబముగా అమెరికా చేరినాడు. మరుసటి ఏడు వచ్చిన 'రెబెక్కా' ఉత్తమచిత్రముగా ఆస్కారు బహుమానము పొందినది. నలుపు తెలుపుల మీద ఆయన అధికారము ఈ కాలమున పండినది. 1941 నాటి 'సస్పిషన్' చిత్రములో భర్త భార్య కొరకు పాలగ్లాసుతో చీకటిమెట్లు ఎక్కి వచ్చును. ఆ పాలలో విషమున్నదేమోనని ప్రేక్షకుని అనుమానము. చూపు గ్లాసు మీదనే నిలువవలెనని హిచ్‌కాక్ పాలలో చిన్న విద్యుద్దీపమును అమర్చినాడు; గ్లాసు చీకటిలో తానే వెలుగునట్లు కనబడినది. 1945 నాటి 'స్పెల్‌బౌండ్' ముగింపులో తుపాకి ప్రేక్షకుని వైపునకే తిరిగి ప్రేలును. నలుపు తెలుపుల చిత్రమంతటిలో ఆ ఒక్కచోట, కన్ను మూసి తెరచునంతలో, తెర ఎర్రబడి మాయమగును. ఆ మెరుపు కొరకు ఫిల్ము మీద ఎరుపు ప్రత్యేకముగా వేయించినారు. ఎరుపు విలువ తెలిసినవాడు గనుకనే అంత పొదుపుగా వాడినాడు.

అదే 1945లో అసలు మృత్యువును చూపు చిత్రము ఒకటి ఆయన చేతికి వచ్చినది. జర్మనీలోని నిర్బంధ శిబిరములను విడిపించిన సైనికదళముల ఛాయాగ్రాహకులు అక్కడి శవములను, బ్రతికియున్న అస్థిపంజరములను ఫిల్ము మీదికి ఎక్కించినారు. ఆ ఫిల్మును చిత్రముగా కూర్చు పనికి పూనుకొన్న సిడ్నీ బెర్న్‌స్టీన్ పాతమిత్రుడైన హిచ్‌కాక్‌ను సలహా కొరకు లండన్‌కు పిలిచినాడు. జీవితమంతయు కల్పితహత్యలతో గడపిన మనిషి ఆ దృశ్యములు చూచి కలత చెందినాడని తోడి పనివారు చెప్పినారు. అప్పుడు ఆయన ఇచ్చిన ముఖ్యమైన సలహా ఇది: తునకలు తునకలుగా కత్తిరింపవద్దు, కెమెరా ఒకచోటినుండి మరొకచోటికి ఎడతెగక తిరిగిన దీర్ఘదృశ్యములను ఉన్నవి ఉన్నట్లు వాడుడు. గుంత ఒడ్డున నిలుచున్న ఊరిపెద్దలు, గుంతలోని శవములు ఒకే చూపులో కనబడవలెను. అప్పుడుగాని ఇది అబద్ధపు చిత్రమని లోకము తోసిపుచ్చుటకు వీలుండదు. అబద్ధమును నమ్మించు విద్యలో పండితుడైనవాడు సత్యము పక్షమున ఇచ్చిన సాక్ష్యము వంటిది ఆ సలహా. రాజకీయ కారణములచేత ఆ చిత్రము నాడు వెలుగు చూడలేదు. అసంపూర్ణరూపమున 1985లో టెలివిజనులో ప్రసారమైనది. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం పూనికతో 2014లో పూర్తి అయినది.

ఎడతెగని దృశ్యము సత్యమును నమ్మించునన్నయెడల, అబద్ధమును నమ్మించుటకు కావలసినది దానికి సరిగా ఎదురుదారి. ఆ దారిలో ఆయన నడచుటకు పదునాలుగేండ్లు పట్టినది.

ఈలోగా ఆయన రంగుల చిత్రములకు మారినాడు. 1948 నాటి 'రోప్' ఆయన తొలి రంగులచిత్రము. 1954లో 'రియర్ విండో', 1958లో 'వెర్టిగో', 1959లో 'నార్త్ బై నార్త్‌వెస్ట్' వచ్చినవి. చివరిదానికి 40 లక్షల డాలర్లకు పైగా ఖర్చైనది. 1955లో మొదలైన టెలివిజను కార్యక్రమమువలన ఆయన స్థూలకాయము, మందగమనము ఇంటింటికి తెలిసినవి. ఆ స్థితిలో ఆయన రాబర్ట్ బ్లాక్ 1959లో వ్రాసిన 'సైకో' అను నవల హక్కులను పేరు బయటపడకుండ దాదాపు 9 వేల డాలర్లకు కొనిపించినాడు. పారమౌంట్ సంస్థవారికి కథ నచ్చలేదు. దారితప్పిన విడిదిలో స్నానము చేయుచున్న స్త్రీని కత్తితో పొడిచి చంపు కథ. ఆ స్త్రీ కథానాయిక. చచ్చునది చిత్రము సగమైన కాకమునుపే! పెట్టుబడి పెట్టుటకు వారు వెనుదీసినారు.

అరువదియేండ్ల వయసున హిచ్‌కాక్ స్వంత సొమ్మును పణముగా పెట్టినాడు. తనకు రావలసిన 2 లక్షల 50 వేల డాలర్ల పారితోషికమును వదలుకొని, చిత్రములో 60 శాతము హక్కును పుచ్చుకొన్నాడు. టెలివిజను కార్యక్రమమునకు పనిచేయు బృందముతోనే, యూనివర్సల్ స్టూడియో ఆవరణలో, దాదాపు 8 లక్షల డాలర్లతో చిత్రము ముగించుటకు పూనుకొన్నాడు. రంగులు వద్దనుకొన్నాడు. అందుకు పొదుపు ఒక కారణము. నెత్తురు అంతకంటె పెద్ద కారణము. తెల్లని స్నానపుగదిలో ఎర్రని నెత్తురు పారినయెడల సెన్సారు ఒప్పుకొనదు, ప్రేక్షకుడు ఓర్చుకొనడు. ఇంగ్లండులో హామర్ సంస్థ 1957, 1958 సంవత్సరములలో ఫ్రాంకెన్‌స్టీన్, డ్రాక్యులా కథలను రంగులలో తీసి, ఎర్రని నెత్తుటితో తెరను తడిపి ధనము గడించుచుండెను. హిచ్‌కాక్ ఆ పోటీకి దిగలేదు.

ఆయన తీర్పు సరియైనదని మన లాక్షణికుల వైపునుండి కూడ చెప్పవచ్చును. నెత్తురు మాంసములను కంటికెదురుగా పరచిన పుట్టునది జుగుప్స. దాని పరిణామము బీభత్సము. హిచ్‌కాక్‌కు కావలసినది భయానకము. విశేషమేమనగా, రసములకు రంగులు చెప్పిన భరతముని ఎరుపును రౌద్రమునకు ఇచ్చి, భయానకమునకు నలుపును ఇచ్చినాడు. హాలీవుడ్డు దర్శకుడు నాట్యశాస్త్రము చదివియుండడు. కాని నెత్తుటిని నల్లగా చేసికొని భయానకమును సాధించినాడు.

నలుపు తెలుపులను ఎన్నుకొన్నంత మాత్రమున చిక్కు తీరలేదు. ఇక్కడ నెత్తురు బట్ట మీద మరకగా నిలుచునది కాదు. పారు నీటిలో కలియవలెను, తెల్లని తొట్టి అడుగున చారలు కట్టవలెను, సుడి తిరుగుచు తూములోనికి పోవలెను. మామూలు కృత్రిమరక్తము ముందే బూడిదరంగు. నీటిలో పలుచబడిన తరువాత అది మురికినీటికంటె భిన్నముగా కనబడదు. కావలసిన గుణములు మూడు: నీటిలో విరిగినను నలుపు తగ్గకుండుట, ఒక్కసారిగా కరిగిపోక తీగలు సాగుట, దీపపు వెలుగున నిజమైన నెత్తురు వలె నిగనిగలాడుట. రంగు ఏదైనను చింత లేదు. వేషకారులు చివరకు వంటింటి వస్తువును పట్టినారు. అమెరికాలో పిల్లల పాలలోను, ఐస్‌క్రీము మీదను పోయు చాక్లెట్ పాకము ఆ మూడు గుణములను కలిగియున్నది. ముదురు గోధుమవర్ణము ఏ ఫిల్ము మీదనైనను దాదాపు నల్లగానే పడును. చక్కెరపాకము గనుక చిక్కదనము, నిగ్గు సహజము. అప్పుడప్పుడే అంగళ్ళలోనికి వచ్చిన, నొక్కిన ధార కారు ప్లాస్టిక్ సీసా వారికి కలిసివచ్చినది. కావలసినచోట కావలసినంత పోయుట సులువైనది. హత్యాదృశ్యము జరుగుచుండగా ఆ సెట్టులో వ్యాపించియుండినది తీపి పదార్థపు వాసన!

1959 డిసెంబరులో క్రిస్మసు పండుగకు ముందు ఆ దృశ్యము చిత్రితమైనది. నటి జానెట్ లీ నీటిజల్లు క్రింద దినములకొలది తడిసినది. కొన్ని తునకలకు ఆమెకు బదులు మరొక యువతి నిలిచినది. తెర మీద ముక్కాలు నిమిషము నిలుచు దృశ్యమునకు పట్టిన కాలము 7 రోజులు. కెమెరాను నిలిపిన చోట్లు 70కి పైగా. అతికిన తునకలు దాదాపు 50. పదునాలుగేండ్లనాడు శిబిరముల చిత్రమునకు చెప్పిన సలహాను ఇక్కడ పూర్తిగా తిరగవేసినాడు. ఎత్తిన చేయి ఒక తునక, తెరచిన నోరు ఒక తునక, నీటిజల్లు ఒక తునక, తొట్టిలో పాదములు ఒక తునక. కత్తిమొన దేహమును తాకినట్లు తోచు తునక ఒక్కటే. అందులోను గాయము లేదు. పొడుచుటను ప్రేక్షకుడు తన మనస్సులో తానే పూర్తిచేసికొనును. కత్తి దిగు చప్పుడు కొరకు రకరకముల ఖర్బూజాలను తెప్పించి పొడిపించి, హిచ్‌కాక్ కన్నులు మూసికొని విని, కాసబా అను జాతిని ఎన్నుకొన్నాడు. ఈ దృశ్యమునకు సంగీతమే వద్దని ఆయన పట్టు. సంగీతకర్త బెర్నార్డ్ హెర్మన్ మాట వినక, వయొలిన్ల తీగెలు కీచుమనునట్లు స్వరపరచి వినిపించినాడు. హిచ్‌కాక్ తన పొరపాటును ఒప్పుకొన్నాడు. గొప్పవారిలో ఇది అరుదుగా కనబడు గుణము.

ఆల్మా కంటిని గూర్చి ముందు ప్రస్తావన వచ్చినది. చిత్రము పూర్తి అయి, ప్రతులు వేయుటకు సిద్ధమైనప్పుడు ఆమె చూచి, చచ్చిపడియున్న జానెట్ లీ గొంతు కదలినదని పట్టుకొన్నదట. అన్ని మారులు చూచినవారిలో ఒక్కరికైనను అది కనబడలేదు. నెత్తురు నమ్మించినది, కత్తి నమ్మించినది. శవము గుటక వేసినది! ఆ లోపమును సరిచేసిన తరువాతనే చిత్రము బయటికి పోయినది.

1960 జూన్ 16వ తేదీన న్యూయార్కులో విడుదలైనది. ఆట మొదలైన తరువాత ఎవ్వరిని లోనికి విడువరాదని హిచ్‌కాక్ థియేటర్లవారికి షరతు పెట్టినాడు. ఎండలో బారులు తీరి జనము వేచియున్నారు. తొలుత చీదరించుకొన్న విమర్శకులు కొందరు తరువాత మెచ్చుకొన్నారు. పెట్టుబడికి ఎన్నో రెట్లు రాబడి వచ్చి హిచ్‌కాక్ ధనవంతుడైనాడు. తెర మీద తనను తాను చూచుకొన్న తరువాత జానెట్ లీయే జల్లుస్నానమునకు జంకినానని చెప్పినది. ఆ తొట్టిలో పారినది పాకమని ఆమెకంటె బాగుగా ఎరిగినవారెవరు? చూచినవారిలో అనేకులు ఎర్రని నెత్తురు చూచినట్లే జ్ఞాపకముంచుకొన్నారు. 1968లో జార్జ్ రొమెరో స్వల్పధనముతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసినప్పుడు ఆయన బృందమునకు కూడ చాక్లెట్ పాకమే నెత్తురైనది.

'సైకో' తరువాత హిచ్‌కాక్ మరల నలుపు తెలుపులలో చిత్రము తీయలేదు. 1963లో 'ది బర్డ్స్', 1964లో 'మార్నీ' వచ్చినవి. 'మార్నీ' నాయికకు ఎరుపు అన్న భయము. తెల్లని చేతికుట్టు మీద ఒక్క ఎర్రసిరా బొట్టు పడిన చాలును, ఆమె వణకిపోవును, తెరయంతయు ఎర్రబారును. అయిదుమారులు ఉత్తమ దర్శకుని బహుమానమునకు ఆయన పేరు ఆస్కారు జాబితాకెక్కినది. ఒక్కమారైనను బహుమానము రాలేదు. 1968లో థాల్‌బర్గ్ స్మారక పురస్కారము ఇచ్చి అకాడమీవారు ఋణము తీర్చుకొన్నారు. 1976 నాటి 'ఫ్యామిలీ ప్లాట్' ఆయన చివరి చిత్రము. 1980 కొత్త సంవత్సరమున బ్రిటిషు ప్రభుత్వము సర్ బిరుదమిచ్చినది. ఆ యేడు ఏప్రిల్ 29వ తేదీన లాస్ ఏంజెలిస్‌లోని స్వగృహమున హిచ్‌కాక్ కన్నుమూసినాడు. చితాభస్మమును పసిఫిక్ సముద్రమున కలిపినారు. ఆల్మా మరి రెండేండ్లు జీవించినది.

1998లో గస్ వాన్ శాంట్ అను దర్శకుడు 'సైకో'ను మరల తీసినాడు. కథ అదే, సంభాషణలు దాదాపు అవే, కెమెరా నిలిపిన తీరు ఇంచుమించు తునకకు తునక అదే. హెర్మన్ సంగీతము కూడ అదే. కాని ఇది రంగుల చిత్రము. తెల్లని తొట్టిలో నెత్తురు ఎర్రగా పారినది. విమర్శకులు పెదవి విరిచినారు. థియేటర్లకు జనము రాలేదు.